ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్: ఢిల్లీలో ఏ పీజీ చదవాలి, ఆ పట్టాతో ఏ అధికారం లభిస్తుంది?

న్యూఢిల్లీ: పసిబిడ్డ మొదలు వయోవృద్ధుల వరకు కుటుంబంలోని అందరినీ పరీక్షించి, సాధారణ వ్యాధులను నిర్ధారించి, మందులు రాసి, దీర్ఘకాలిక రోగాలను పర్యవేక్షించే ఉన్నత శిక్షణ పొందిన నర్సును అమెరికాలో ‘ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్’ అంటారు. భారతదేశంలో నర్సింగ్ విద్యను నియంత్రించే వ్యవస్థ ఈ పేరుతో పీజీ కోర్సును నిర్దేశించలేదు. దానికి సమీపంలో ఉన్న కోర్సులు కొన్ని ఉన్నాయి. అవి నైపుణ్యాన్ని పెంచుతాయి కానీ, స్వతంత్రంగా వైద్యం చేసే అధికారాన్ని ఇవ్వవు. దేశ రాజధాని ప్రాంతంలో పీజీ చదవాలనుకునే తెలుగు నర్సులు ఫీజు చెల్లించే ముందే ఈ తేడాను గ్రహించడం అవసరం.

ఎలా మొదలైంది

నర్స్ ప్రాక్టీషనర్ విద్యకు 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పునాది పడింది. నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి దీనిని ప్రారంభించారు. వైద్యులు అందుబాటులో లేని ప్రాంతాల పిల్లలకు అనుభవజ్ఞులైన నర్సుల ద్వారా ప్రాథమిక సేవలు అందించడం వారి లక్ష్యం. తరువాతి కాలంలో ఇది కుటుంబమంతటికీ వర్తించే ప్రత్యేక విభాగంగా ఎదిగింది. నేడు అందులో ప్రవేశానికి మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి చదువు తప్పనిసరి.

ఢిల్లీ స్థానం

భారతదేశంలో నర్సింగ్ ఉన్నత విద్య చరిత్రలో ఢిల్లీది మొదటి వరుస. 1946లో ఇక్కడ స్థాపితమైన కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ కోర్సును ప్రారంభించింది. దేశంలోనే తొలి నర్సింగ్ మాస్టర్స్ కోర్సు 1959లో అక్కడే మొదలైంది. స్వతంత్ర భారత తొలి ఆరోగ్య మంత్రి పేరు మీద అది నేడు రాజకుమారి అమృత్ కౌర్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్‌గా కొనసాగుతోంది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) క్రిటికల్ కేర్, క్యాన్సర్, నాడీ సంబంధ, మూత్రపిండ వ్యాధుల వంటి ప్రత్యేక విభాగాల్లో ఎమ్మెస్సీ నర్సింగ్ అందిస్తోంది. జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయంలోని రుఫైదా కాలేజ్ ఆఫ్ నర్సింగ్‌లోనూ పీజీ విద్య ఉంది.

ఎమ్మెస్సీ నర్సింగ్

ఇది రెండేళ్ల కోర్సు. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీలో కనీసం 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం, నర్సుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మెడికల్-సర్జికల్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి-స్త్రీల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం ఇందులోని ప్రధాన విభాగాలు. కుటుంబ ఆరోగ్య సేవకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది సామాజిక ఆరోగ్య విభాగం. అయితే ఈ పట్టా ప్రధానంగా అధ్యాపక వృత్తికి, పర్యవేక్షణ ఉద్యోగాలకు, పరిశోధనకు దారి చూపుతుంది.

‘నర్స్ ప్రాక్టీషనర్’ పేరుతో ఉన్న కోర్సులు

ఈ పేరుతో దేశంలో గుర్తింపు పొందిన పీజీ కోర్సు ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’. 2016-17 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ రెండేళ్ల రెసిడెన్సీలో అధిక సమయం ఐసీయూలోనే గడుస్తుంది. ఉన్నత స్థాయి రోగనిదాన శాస్త్రం, ఔషధ శాస్త్రం, శారీరక పరీక్ష ఇందులోని కీలక పాఠ్యాంశాలు. ఈ మూడూ అమెరికా ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ విద్యకు కూడా మూలస్తంభాలే. అయితే ఈ కోర్సు కుటుంబ వైద్యానికి కాక, విషమ స్థితిలో ఉన్న రోగుల సంరక్షణకు ఉద్దేశించినది. ప్రాథమిక ఆరోగ్య రంగానికి కౌన్సిల్ రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పోస్ట్ బేసిక్ డిప్లొమా మాత్రమే, పీజీ పట్టా కాదు.

మూడవది ప్రసూతి రంగానిది. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ మార్గదర్శకాలను కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో ఢిల్లీలో విడుదల చేసింది. దీనికి తెలంగాణ ముందే బాట వేసింది. హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో రాష్ట్ర ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది.

గ్రామాల్లో ఆ పాత్ర ఎవరిది?

ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చేసే పనికి మన దేశంలో అత్యంత సమీపంగా ఉన్నది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో రక్తపోటు, మధుమేహం పరీక్షలు, గర్భిణుల సంరక్షణ, సాధారణ జబ్బుల ప్రాథమిక చికిత్స వీరి విధులు. ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య క్లినిక్‌లలో, తెలంగాణ పల్లె దవాఖానాల్లో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిలో నర్సులు కూడా ఉన్నారు.

విశేషమేమంటే, ఈ ఉద్యోగానికి పీజీ అవసరం లేదు. బీఎస్సీ నర్సింగ్‌తో పాటు సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు సరిపోతుంది. ఢిల్లీ కేంద్రంగా ఉన్న ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఈ కోర్సును నిర్వహించింది. తరువాత ఆ శిక్షణను బీఎస్సీ పాఠ్యప్రణాళికలోనే చేర్చారు. అంటే కుటుంబ వైద్యానికి దగ్గరి పని చేసే నర్సుకు ఉన్నత పట్టా లేదు. ఉన్నత పట్టా ఉన్న నర్సుకు ఆ పని కేటాయించిన ఉద్యోగం లేదు.

మందుల చీటీ రాయవచ్చా?

స్వతంత్రంగా రాయలేరు. ఔషధ నియమావళి ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులను రిజిస్టర్డ్ వైద్యుని చీటీపైనే విక్రయించాలి. క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్లు ఆసుపత్రి ముందుగా ఆమోదించిన నిబంధనలకు లోబడి మందులు ఇస్తారు. ఆరోగ్య కేంద్రాల్లోని నర్సులు నిర్ణీత మార్గదర్శకాల మేరకు లేదా ఈ-సంజీవని ద్వారా వైద్యుని సలహా తీసుకుని మందులు అందజేస్తారు.

నర్స్ ప్రాక్టీషనర్ల వ్యవస్థ అవసరాన్ని 2017 జాతీయ ఆరోగ్య విధానం గుర్తించింది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’లకు పరిమిత లైసెన్సు ఇచ్చే అవకాశం కల్పించింది. అయితే అర్హతలను నిబంధనల ద్వారా నిర్ణయించవలసి ఉంటుంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఏ నర్సు ఎంతవరకు వైద్యం చేయవచ్చో స్పష్టంగా నిర్ణయించినప్పుడే ఈ పీజీ చదువులకు పూర్తి విలువ చేకూరుతుంది.

అమెరికా వెళ్లదలచినవారికి

భారతీయ ఎమ్మెస్సీతో నేరుగా అమెరికాలో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కావడం సాధ్యం కాదు. ముందుగా ఎన్‌క్లెక్స్ పరీక్షలో ఉత్తీర్ణులై రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పొందాలి. తరువాత అక్కడి గుర్తింపు పొందిన కోర్సు పూర్తి చేసి, జాతీయ స్థాయి ధ్రువీకరణ పరీక్ష రాయాలి. 2022లో సవరించిన ప్రమాణాలు కనీస క్లినికల్ శిక్షణను 500 గంటల నుంచి 750 గంటలకు పెంచాయి. సగానికి పైగా రాష్ట్రాలు వీరికి స్వతంత్ర అధికారం ఇచ్చాయి. తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్‌లో మాత్రం వైద్యునితో ఒప్పందం ఉంటేనే మందులు రాయగలరు.

చేరే ముందు గమనించవలసినవి

* కళాశాలకే కాక, చేరదలచిన పీజీ విభాగానికి కూడా అనుమతి ఉన్నదీ లేనిదీ సరిచూసుకోవాలి.
* కోర్సు పేరులో ‘ప్రాక్టీషనర్’ అన్న మాట ఉన్నంత మాత్రాన వైద్యాధికారం వస్తుందని భావించరాదు.
* రెసిడెన్సీ అయితే శిక్షణ జరిగే ఆసుపత్రి, ఐసీయూ పడకల సంఖ్య, స్టైపెండ్ వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి.
* సొంత రాష్ట్రంలో నమోదైనవారు ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో పనిచేయాలంటే అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెలుసుకోవాలి. నోయిడా, గురుగ్రామ్ ఢిల్లీ పక్కనే ఉన్నా వాటి రాష్ట్ర కౌన్సిళ్లు వేరు.
* చదువు పూర్తయ్యాక పీజీని అదనపు అర్హతగా తమ రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి.