ముఖము కడుగు నీటి వెనుకటి చరిత్ర

నేడు అంగళ్ళలో ముఖాలంకరణ సామగ్రి నడుమ మంచినీళ్ళ సీసా వంటి సీసా యొకటి కనబడుచున్నది. అందులోని ద్రవమునకు రంగు లేదు. కదిపినను సబ్బునీటి వలె నురుగు కట్టదు. దానిని మైసెలర్ వాటర్ అని పిలుచుచున్నారు. దూదిని అందులో తడిపి ముఖముపై అద్ది తుడిచినచో దినమంతయు పట్టిన దుమ్ము, జిడ్డు, పౌడరు, కాటుక ఆ దూదికి అంటుకొని వచ్చును. సబ్బు పెట్టి రుద్దనక్కరలేదు. చూచువారికి అది వట్టి నీరే. కాని వట్టి నీటితో కాటుక పోదని ఎల్లరెరిగినదే. మరి ఈ నీటిలో నున్నదేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు పోయినచో రోము నగరపు స్నానశాలల నుండి జర్మనీలో ఒక వంటింటికిని, అచ్చటినుండి ఇంగ్లండులో ఒక ప్రయోగశాలకును పోవలసివచ్చును.

జిడ్డును నూనెయే కరగించునను సంగతి ప్రాచీనులెరుగుదురు. రోమనులు స్నానశాలలలో దేహమునకు ఆలివ్ నూనె పట్టించుకొని, కొడవలి వలె వంగిన లోహపు పలకతో ఆ నూనెను, దానితోపాటు మురికిని గీకి తీసివేసెడివారు. క్రీ. శ. రెండవ శతాబ్దిలో రోములో వైద్యము చేసిన గాలెన్ పేరిట ఒక లేపనము ప్రసిద్ధికెక్కినది. తేనెమైనము, ఆలివ్ నూనె, పన్నీరు కలిపి చేయు ఆ లేపనమునకు సంతతియే నేటి కోల్డ్ క్రీము. మన యిండ్లలో పండుగనాడు నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టుటయు ఇట్టి యెరుక నుండి పుట్టినదే. నూనె జిడ్డును కరగించును. పిండి ఆ నూనెను పీల్చుకొనును. ఈ పద్ధతులన్నిటిలోను ఒక చిక్కు కలదు. పూసిన నూనెను తిరిగి వదలించుకొనుటకు గీకవలెను, లేదా నలుచవలెను. నూనెకును నీటికిని పొత్తు కుదురదు గదా!

ఆ పొత్తును కుదిర్చినది సబ్బు. క్రీ. శ. మొదటి శతాబ్దిలో రోమను రచయిత ప్లినీ, గాల్ దేశీయులు పశువుల కొవ్వును బూడిదను కలిపి సబ్బు చేయుదురని వ్రాసెను. అయితే అతడు చెప్పిన ప్రయోజనము దేహశుద్ధి కాదు. తల వెండ్రుకలకు ఎఱ్ఱని రంగు తెచ్చుట. పిమ్మట ఎన్నో శతాబ్దుల వరకు సబ్బు కలవారి యింటి వస్తువుగనే యుండెను. 1791లో ఫ్రాన్సు దేశమున నికొలా లెబ్లాన్ ఉప్పు నుండి సోడా తీయు మార్గమునకు పేటెంటు పొందెను. 1823లో ఆ దేశమువాడే యైన మిషెల్ షెవ్రెల్ కొవ్వుల స్వరూపమును వివరించు గ్రంథమును ప్రకటించి, కొవ్వు క్షారముతో కలిసినప్పుడు జరుగు మార్పును తేటపరచెను. సోడా చౌకయగుటయు, తయారీలోని కిటుకు తెలియుటయు తోడై, పందొమ్మిదవ శతాబ్దిలో సబ్బు సామాన్యుల యింటికి చేరెను. ఎన్నో వ్యాధులను దూరము చేసిన ఘనత దానికి కలదు.

కాని ముఖము విషయమున సబ్బునకు రెండు లోపములు కలవు. మొదటిది దాని క్షారగుణము. ఆరోగ్యవంతమైన చర్మపు పైపొర కొంచెము ఆమ్లగుణము కలది. 1928లో జర్మను వైద్యులు షాడె, మార్కియోనినీ దీనికి ఆమ్లకవచమని పేరు పెట్టిరి. సబ్బు ఆ కవచమును కొంతసేపు చెదరగొట్టును. చర్మమునకు సహజముగా నున్న కొవ్వును సయితము కొంత ఊడ్చుకొనిపోవును. సబ్బుతో కడిగిన ముఖము బిగిసినట్లుండుటకు ఇది యొక కారణము. రెండవ లోపము కఠినజలమునకు సంబంధించినది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు హెచ్చుగా నున్నచో సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టుగా మారును. అది నీటిలో కరగక చర్మమునకు పట్టియుండును. ఉప్పునీటి బావులున్న మన యూళ్ళవారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. సున్నపురాతి నేలలపై వెలసిన ప్యారిస్ నగరమునకును ఇదే బాధ. అచ్చటి స్త్రీలకు కుళాయినీటి కంటె సీసాలలోని పాలవంటి ద్రవములతో ముఖము తుడుచుకొను అలవాటు కుదురుటలో వింత లేదు.

ఇంతకును సబ్బు ఏ విధముగా పనిచేయును? వేల సంవత్సరములు వాడినను ఈ సంగతి ఎవరికిని సరిగా తెలియలేదు. తెలిసికొను దారి యొక వంటింటిలో తెరువబడెను.

అగ్నెస్ పోకెల్స్ 1862లో వెనిస్‌లో జన్మించి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున జీవితము గడపెను. ఆ దినములలో అచ్చటి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేదు. తల్లిదండ్రులు రోగపీడితులగుటచే ఇంటిపనియు, వారి పరిచర్యయు ఆమెపై పడెను. పాత్రలు కడుగునప్పుడు జిడ్డును సబ్బును చేరిన నీటి పైపొర గుణము మారుటను ఆమె గమనించినదని చెప్పుదురు. పదునెనిమిదేండ్ల ప్రాయముననే ఆమె పరిశీలన లారంభించెను. ఒక రేకు తొట్టిని అంచువరకు నీటితో నింపి, దానిపై అడ్డముగా ఒక లోహపు పట్టీని జరుపుచు నీటి పైపొరను కుదించుటకును విస్తరించుటకును ఉపాయము పన్నెను. చిన్న త్రాసునకు ఒక బిళ్ళను కట్టి, దానిని నీటి నుండి పైకి లాగుటకు ఎంత బలము పట్టునో కొలిచెను. భౌతికశాస్త్రము చదువుచున్న తమ్ముడు తెచ్చి యిచ్చు పుస్తకములే ఆమెకు గురువులు.

1891 జనవరిలో ఆమె తన ఫలితములను ఇంగ్లండులోని రేలీ ప్రభువునకు జర్మను భాషలో లేఖగా వ్రాసెను. ఆయన భార్య దానిని ఆంగ్లమునకు మార్చెను. పేరుప్రతిష్ఠలు లేని యొక స్త్రీ లేఖ యని ఆయన త్రోసివేయలేదు. ప్రకటింపదగినదని నేచర్ పత్రికకు పంపెను. ఆ సంవత్సరము మార్చిలో అది అచ్చుపడెను. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తరువాత వాడిన తొట్టి ఆమె తొట్టికి వారసురాలే. 1932లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ యేడే, డెబ్బదియవ యేట, బ్రౌన్‌ష్వైగ్ విద్యాలయము పోకెల్స్‌కు గౌరవ డాక్టరు పట్టము నొసగెను.

పోకెల్స్ శోధించినది నీటి పైపొరను. సబ్బునీటి లోపల జరుగు వింతను పట్టుకొన్నవాడు జేమ్స్ విలియం మెక్‌బెయిన్. ఆయన కెనడా దేశీయుడు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రసాయనశాస్త్రము బోధించెను. మిల్లిసెంట్ టేలర్, మేరీ లెయింగ్ మొదలగు విదుషీమణులు ఆయనతో కలిసి సబ్బునీటిపై సంవత్సరముల తరబడి ప్రయోగములు చేసిరి. వారికి ఒక వైరుధ్యము కానవచ్చెను. గాఢమైన సబ్బునీటిలో విడివిడిగా తిరుగు కణముల సంఖ్యను లెక్కించినచో మిక్కిలి తక్కువగా తేలెను. కణములు తగ్గినచో విద్యుత్ప్రవాహమును తగ్గవలెను గదా. అది మాత్రము బాగుగనే సాగుచుండెను. సబ్బు కణములు విడిపోయి నశించుట లేదనియు, విద్యుదావేశము విడువకయే గుంపులు కట్టుచున్నవనియు మెక్‌బెయిన్ 1913లో ప్రతిపాదించెను. ఆ గుంపునకు మైసెల్ అని పేరు. లాటిన్ భాషలో చిన్న నలుసునకు వాడు మాట నుండి అది పుట్టినది.

ఒకే ఆవేశము గల కణములు ఒకదాని నొకటి తరుముకొనవలెను గాని గుంపు కట్టుటేమి యని నాటి పండితులు శంకించిరి. రాయల్ సొసైటీ సభలో అధ్యక్షుడు వట్టిమాట యని కొట్టివేసెనని యొక కథ రసాయనశాస్త్రజ్ఞులలో ప్రచారములో నున్నది. అయినను మెక్‌బెయిన్ మాటయే నిలిచెను. 1936లో హార్ట్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ గుంపు ఆకృతిని వివరించెను. సబ్బు అణువునకు నీటిని ప్రేమించు తల యొకటి, నూనెను ప్రేమించు తోక యొకటి కలవు. నీటిలో ఇవి తగినన్ని చేరగానే తోకలన్నియు లోపలికి, తలలన్నియు బయటికి ఉండునట్లు ఉండకట్టును. ఆ యుండ వ్యాసము మీటరులో నూరుకోట్లవ వంతునకు కొన్నిరెట్లు మాత్రమే. కంటికి నీరు తేటగా కనబడుటకు అదియే కారణము. జిడ్డు తగిలినప్పుడు ఉండ లోపలి తోకలు దానిని తమలో దాచుకొనును. బయటి తలలు నీటిని విడువవు. ఇట్లు నూనె నీటితో కలిసి ప్రయాణము చేయును.

మెక్‌బెయిన్ కథలో మనదేశమునకు ఒక పాలు కలదు. 1950లో ప్రారంభోత్సవము జరుపుకొన్న పుణె జాతీయ రసాయన ప్రయోగశాలకు మొట్టమొదటి డైరెక్టరు ఆయనయే. సబ్బునీటి మర్మమెరిగిన ఆ వృద్ధుడు 1952 వరకు ఇచ్చట పనిచేసి, మరుసటి యేడు కన్నుమూసెను.

ఇచ్చట శ్రోతలు ఒక సంగతి గమనింపవలెను. మైసెల్లు సబ్బునీటిలోనే మొదట కనబడినవి. కావున మైసెల్లు ఉన్నంత మాత్రమున ఏ నీరును మృదువుకాజాలదు. కుంకుడుకాయలోని సాపోనిన్లు అను పదార్థములు కూడ నీటిలో మైసెల్లు కట్టును. తలంటునాడు కుంకుడురసము కంట పడిన పిల్లవాని నడిగినచో దాని మృదుత్వ మెంతటిదో చెప్పగలడు! మృదుత్వము గుంపులో లేదు. ఆ గుంపులో చేరిన అణువు ఎట్టిది, ఎంత పరిమాణమున నున్నది, అను దానిలో నున్నది.

అట్టి అణువుల అన్వేషణకు తొలి ప్రేరణ సౌందర్యము కాదు, కరవు. మొదటి ప్రపంచయుద్ధమున కొవ్వులు దొరకక జర్మనీవారు 1917లో కొవ్వు లేని శుద్ధిపదార్థమును తయారుచేసిరి. 1930 ప్రాంతమున అచ్చటనే విద్యుదావేశము లేని తలలు గల అణువులు తయారయ్యెను. ఇవి కఠినజలమునకు లొంగవు. చర్మముపై సామాన్యముగా సబ్బుకంటె మెత్తన. 1957లో అమెరికాలో డవ్ అను బిళ్ళ వచ్చెను. అది సబ్బువలె కనబడినను ముఖ్యముగా సంయోజిత పదార్థములతో చేసినది. 1990 దశకమున ఫ్రాన్సులో బయోడెర్మా సంస్థవారు ఇట్టి మృదువైన అణువులను నీటిలో కొలదిగా కలిపి సీసాలకెత్తిరి. 2010 దశకమున పెద్ద సంస్థలును అదే దారిపట్టగా ఆ నీరు లోకమంతయు ప్రాకెను. 1913 నుండియే ఫ్రెంచి స్త్రీలు దీనిని వాడుచున్నారని కొన్ని వ్యాసములలో కనబడును. 1913 మెక్‌బెయిన్ ఊహకు చెందిన సంవత్సరము. సీసాకు చెందినది కాదు.

దీనిని వాడువారు కొన్ని విషయములు మనసున నుంచుకొనుట మంచిది. తడిపిన దూదిని కనురెప్పపై కొన్ని క్షణములు ఆనించి, పిమ్మట మెల్లగా తుడువవలెను; బలముగా రుద్దినచో మృదువైన నీటి వలన ఫలము దక్కదు. నీటికి చెదరని కాటుక వంటివాటిని నూనెతోనే ముందు కరగించుట మేలు. కడుగనక్కరలేదని సీసాపై వ్రాసియున్నను, జిడ్డు విడదీయు పదార్థము కొంత చర్మముపై మిగులును గనుక, సున్నితమైన చర్మము కలవారు పిదప మంచినీటితో ముఖము కడుగుకొనుట ఉత్తమము. సువాసన కలిపిన రకములు అట్టివారికి తగవు.

సీసాపై నున్న పేరు క్రొత్తది. అందులో ముప్పాతిక మువ్వీసము నీరే. వెల యిచ్చి కొనునప్పుడు ఈ సంగతి మరువరాదు. అయితే ఆ నీటిలో కలిసియున్న కొలది పదార్థము వెనుక ఉన్న జ్ఞానము మాత్రము కొలది కాదు. విశ్వవిద్యాలయపు తలుపులు మూయబడినను పాత్రలు కడిగిన తొట్టినే పాఠశాలగా చేసికొన్న యొక స్త్రీ ఓర్పు అందులో నున్నది. పండితులు కాదన్నను సబ్బునీటి యెదుట కూర్చుండి లెక్కలు విడువని వారి పట్టుదల అందులో నున్నది. మన పెరటి తొట్టిలో ప్రతిదినము పారబోయు నీటిలోనే ఇంత శాస్త్రము దాగియున్నది. చూచు కన్నులే అరుదు.