వైద్యమున కర్బనము: బొగ్గుపొడి నుండి నానోరేణువు వరకు

పొయ్యిలో మిగిలిన బొగ్గు, పెన్సిలులోని గ్రాఫైటు, ఉంగరములోని వజ్రము ఈ మూడును కర్బనమేయని విద్యార్థులెరుగుదురు. ఈ మూలకము వైద్యునకు కూడ చిరకాలముగ తోడ్పడుచున్నది. ఆ చరిత్రను పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. కర్బనము మేలు చేయునా, కీడు చేయునా యనునది దాని రేణువుల పరిమాణము, ఆకారము, ఉపరితలములపై ఆధారపడి యుండును.

1831 లో తువేరీ యను ఫ్రెంచి ఔషధశాస్త్రజ్ఞుడు, ముష్టిగింజల నుండి లభించు స్ట్రిక్నిన్ అను విషమును, ప్రాణము తీయు మోతాదునకు సుమారు పదిరెట్లు, బొగ్గుపొడితో కలిపి మ్రింగి బ్రదికెనని వైద్యచరిత్రకారులు వ్రాసిరి. ఇది ఎవరును అనుకరింపరాని సాహసము. ఇచట బొగ్గు విషమును నాశనము చేయలేదు. బొగ్గులోని సూక్ష్మరంధ్రముల గోడలకు విషపుటణువులు అంటుకొని, రక్తమున చేరకుండెను. దీనినే అధిశోషణమందురు. నేడు ఆస్పత్రులలో వాడు ఉత్తేజిత కర్బనము ఒక గ్రాములో ఈ గోడల వైశాల్యము సుమారు 1000 చదరపు మీటర్లుండును. అయినను ఇనుము, మద్యము, గాఢమైన ఆమ్లములు మున్నగువాటిని ఇది తగినంతగా పట్టజాలదు.

1985 లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున క్రోటో, కర్ల్, స్మాలీ అనువారు తమ విద్యార్థులతో కలిసి, గ్రాఫైటును లేజరు కిరణములతో ఆవిరి గావించి, 60 పరమాణువులుగల బంతివంటి అణువును కనుగొనిరి. దీనికి ఫుల్లరీను అని పేరు. దీని వ్యాసము సుమారొక నానోమీటరు, అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఇందులకు వారికి 1996 లో నోబెల్ బహుమానము లభించెను. ఎయిడ్సు వైరసునకు చెందిన ఒక ఎంజైములోని గుంటలో ఈ బంతి సరిగా అమరునని కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఊహించి, అది ఆ ఎంజైము పనిని ఆపగలదని 1993 లో ప్రయోగశాలలో చూపిరి. కాని ఆ పట్టు బలహీనమైనది. అది మందుగా రూపొందలేదు.

1991 లో జపాను శాస్త్రజ్ఞుడు ఇయిజిమా వర్ణించిన కర్బన నానోనాళములు మరియొక ఆశను కల్పించెను. వీటి ద్వారా మందును రోగకణములకు చేర్పవచ్చునని పలువురు తలచిరి. కాని 2008 లో ఎడింబరో పరిశోధకులు పొడవైన నానోనాళములను ఎలుకల ఉదరకుహరమున ప్రవేశపెట్టగా, ఆస్బెస్టాసు పోగుల వలెనే అవి వాపును కలిగించెను. పొట్టివియు, చిక్కుపడినవియు అట్లు చేయలేదు. కారణమేమన, శరీరమును శుభ్రపరచు భక్షకకణములు తమకంటె పొడవైన పోగును పూర్తిగా మ్రింగజాలవు.

మరి నానోకర్బనము శస్త్రచికిత్సాగారమున ప్రవేశింపనే లేదా? ప్రవేశించినది. చైనాలో థైరాయిడ్ కాన్సరు శస్త్రచికిత్సయందు సుమారు 150 నానోమీటర్ల కర్బనరేణువులుగల నల్లని ద్రవమును ఆ గ్రంథిలోనికి ఎక్కించుచున్నారు. రేణువులు పెద్దవగుటచే రక్తకేశనాళికల గోడలలోని సందులలో దూరజాలవు. అంతకంటె వెడల్పైన సందులుగల శోషరసనాళములలోనికి మాత్రము పోగలవు. అందుచే థైరాయిడ్ గ్రంథియు, సమీపమునగల శోషరసగ్రంథులును నల్లబడును. ప్రక్కనేయున్న పారాథైరాయిడ్ గ్రంథులు నల్లబడవు. వరిగింజంతటి ఈ గ్రంథులను పొరపాటున తీసివేసినచో రక్తమున కాల్షియము తగ్గి, రోగికి కండరములు కొంకర్లు పోవును. కావున వైద్యుని కత్తికి ఆ నలుపే హద్దు చూపుచున్నది.

నోబెల్ బహుమానము తెచ్చిన అందమైన బంతి చేయలేని పనిని, సిరావంటి సామాన్యమైన మసి చేయుచున్నది. ఉపాధ్యాయులు తరగతిలో రంగునీటిలో ఉత్తేజిత కర్బనపు పొడిని కలిపి, వడగట్టి చూపినచో నీరు తేటపడుటను విద్యార్థులు స్వయముగా గమనింతురు. క్రొత్త పదార్థమును గూర్చి విన్నప్పుడు "ఇది యేమి?" అని మాత్రమే గాక, "దీని రేణువు ఎంత? దాని ఆకారమెట్టిది?" అని కూడ అడుగుట వారికి అలవడవలెను.