పేర్ల పట్టికలో నిలువు వరుసలు

ప్రసంగ విభాగములో పనిచేయు మావంటివారికి వక్తల పేర్ల పట్టిక వంటింటి పోపులపెట్టె వంటిది. ఆవాలెక్కడ, మెంతులెక్కడ అని వెదకి తీయు ఇల్లాలు ఉండదు. చేయి దానంతట అదే పోవును. ఎవరైనా గిన్నెలు మార్చిపెట్టిననాడు ఆవాలకు బదులు మెంతులు నూనెలో పడును. మాకును ఒకనాడు అట్టి అవస్థయే కలిగినది. సాయంకాలము రావలసిన వక్తకు జ్వరము వచ్చినది. ఆ విషయముపై మాటాడగల మరియొకరిని గంటలోపల పిలువవలెను. పేరు, దాని ప్రక్కనే విషయము, ఆ ప్రక్కనే ఫోను నంబరు ఉండునట్లు మా సహోద్యోగి ఒకరు ముందురోజు రాత్రి వరకు కూర్చుండి కంప్యూటరులో నిలువు వరుసలను చక్కగా కుదిర్చినారు. మేము తెరచి చూడగా ఆ కుదిర్పు లేదు. పేరు, సంస్థ, ఫాక్సు, తపాలా కోడు — సాఫ్ట్‌వేరు చేసినవారు మొదట ఎట్లు ఇచ్చినారో అట్లే నిలిచియున్నవి. విషయము అను వరుస ఎక్కడనో కుడివైపు, తెరకు ఆవల చిక్కుకొన్నది. కుదిర్చిన పెద్దమనిషి ఆనాడు సెలవులో, రైలులో ఉన్నారు.

పేరు ఒక్కటియు పోలేదు. నంబరు ఒక్కటియు పోలేదు. పోయినది అమరిక మాత్రమే. ఐనను ఆ గంటలో మాకు సర్వము పోయినట్లే తోచినది. సమాచారము భద్రముగా నిలిచి, దానిని చూచు తీరు మాత్రము ఏల నిలువలేదు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకబోయి మేము ఒక పెద్ద చరిత్రలో పడినాము. ఆ సంగతులే ఈ ప్రసంగము.

ఫోను పేర్ల పట్టికలలో మొదటిదని చెప్పదగినది 1878 ఫిబ్రవరి 21న అమెరికాలోని న్యూహేవెన్ పట్టణములో వెలువడినది. అది ఒకే ఒక అట్ట కాగితము; దానిపై 50 పేర్లు. విచిత్రమేమనగా, అందులో నంబర్ల వరుసయే లేదు. పేరు చెప్పినచో ఎక్స్ఛేంజిలోనివారు కలిపెడివారు, నంబరుతో పనియేమి? పేర్లు అక్షరక్రమములోనూ లేవు. ఇండ్లు వేరుగా, వైద్యులు వేరుగా, దంతవైద్యులు, అంగళ్లు, మాంసము చేపలు అమ్మువారు, బండ్ల శాలలు వేరువేరుగా కూర్చినారు. ఆ కూర్పు చేసినవారికి ఎవరికి ఎవరితో పని పడునో తెలిసియుండవలెను. పేరు, వృత్తి అను రెండింటితో పని నడచిన కాలమది. పట్టికలో వరుసలు మన అవసరములనుబట్టి పుట్టునేగాని ముందుగా ఉండవు. నేటి పట్టికలలో ఫాక్సు వరుస ఇంకను కూర్చున్నదన్న, పుట్టిన వరుస అంత సులభముగా చావదని కూడ అర్థమగుచున్నది.

బైండు చేసిన పుస్తకములో ఒకసారి గీసిన వరుస గీసినదే. దానినుండి విడుదల కాగితపు ముక్కలవలన కలిగినది. ఫ్రెంచి విప్లవములో స్వాధీనపరచుకొన్న గ్రంథాలయముల పుస్తకములను 1791లో జాబితా వ్రాయవలసివచ్చినప్పుడు అక్కడివారు పేకముక్కలను వాడినారు. ఆనాటి పేకముక్కల వెనుకవైపు ఖాళీగా ఉండెడిది గనుక అది వీలైనది. ముక్కలను కావలసినట్లు పేర్చవచ్చును, నడుమ క్రొత్త ముక్క చొనుపవచ్చును. ఇదే ఉపాయము మరింత ముదిరి, న్యూయార్కులో ఆర్నాల్డ్ న్యూస్టాటర్ సంస్థలో ఇంజనీరైన హిల్డార్ నీల్సెన్ చేతిలో 1956లో రోలోడెక్స్ అయినది. 1958లో అంగళ్లలోనికి వచ్చినది. బల్లమీద గిరగిర తిరుగు ఆ చీట్ల చక్రమును పాత సినిమాలలో చూచినవారుందురు. ఐతే చీట్లకొక లోపమున్నది. ఒక కాలములో ఒక క్రమమే సాధ్యము. పేరునుబట్టి పేర్చినచో ఊరినిబట్టి వెదకలేము. ఊరినిబట్టి పేర్చినచో పేరు దొరకదు.

ఇక వరుసలను యంత్రము జ్ఞాపకముంచుకొనుట ఎప్పుడు మొదలైనదని అడిగినచో, మేము టైపురైటరు పేరు చెప్పుదుము. మన పట్టణములలో టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయినవారికి ఇది చేతికి తెలిసిన సంగతి. యంత్రము వెనుక పండ్లదువ్వెన వంటి పట్టా ఒకటి ఉండును. దానిపై కావలసిన చోట్ల చిన్న ఇనుప ఆపులు నిలుపుదురు. టాబ్ మీట నొక్కగానే బండి పరుగెత్తివచ్చి సరిగా ఆ ఆపువద్ద ఆగును. మూడు వరుసల పట్టికకు మూడు ఆపులు. మొదటి యంత్రములలో వెనుకకు చేయి పెట్టి ఆపును జరుపవలసియుండెడిది. తరువాతివాటిలో నిలుపుటకొక మీట, తీసివేయుటకొక మీట అమర్చినారు. సాయంకాలము గుడ్డ కప్పిపోయినను ఉదయమునకు ఆపులు అక్కడనే ఉండును, విద్యుత్తుతో నిమిత్తము లేదు. మనిషి మారినను అక్కడనే ఉండును. అందువలననే ముందు గంటలో కూర్చున్నవారి ఆపులు మనకు తగిలి, లెక్కల పట్టిక వంకరగా వచ్చెడిది. అమరిక నిలిచినది, కాని అది మనిషిని కాక యంత్రమును అంటిపెట్టుకొని నిలిచినది. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మా మనవి.

టైపురైటరు వరుసను కాగితముపై నిలిపినది. సమాచారమునే వరుసలుగా కోసినది హెర్మన్ హోలెరిత్ కార్డు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను ఈ రంధ్రపు కార్డులతో లెక్కించినారు. 1928లో ఐ.బి.ఎం. వారు 80 నిలువు వరుసల కార్డు తెచ్చినారు. వరుసకు ఒక అక్షరము లేక ఒక అంకె. మొదటి 20 వరుసలు పేరుకని నిర్ణయించినచో, ఇక ఆ కార్డులన్నిటిలో పేరు అక్కడనే. మార్చవలెనన్న లక్షల కార్డులను మరల రంధ్రములు పొడువవలెను. మరి అమ్మకముల అధికారికి ఊరు ముందు కావలెను, జీతముల గుమాస్తాకు సంఖ్య ముందు కావలెను, ఎట్లు?

దీనికి ఆనాటివారు కనుగొన్న మార్గము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. అచ్చువేయు యంత్రమునకు ఒక పలక అమర్చినారు. పలక నిండ చిన్న రంధ్రములు. కార్డుమీది ప్రతి వరుసకు పలకలో ఒక రంధ్రము, కాగితముపై అచ్చుపడు ప్రతి స్థానమునకు మరియొకటి. ఈ రెండింటిని ఒక తీగతో కలిపినచో కార్డులోని 41వ వరుసలోని అక్షరము కాగితముపై మొట్టమొదట పడును. మరొక తీగతో మొదటి వరుస చివరకు పోవును. అక్కరలేని వరుసకు తీగయే పెట్టరు. అది కార్డులో ఉండియు కాగితముపై కానరాదు. కార్డులు కదలలేదు, చెదరలేదు. చూపు మాత్రము మారినది. 1930లనాటికి ఈ పలకలను తీగలతోసహా ఊడదీసి, మరొకదానిని బిగించు వీలు స్థిరపడినది. జీతముల పట్టికకొక పలక, సరుకుల పట్టికకొక పలక. పని ముగిసినంతనే తీగలు పీకివేయక, పలకకు పేరు చీటి అంటించి బీరువాలో నిలువుగా పేర్చెడివారు. తెలియనివారు తీగలు కదల్చకుండ కొన్నింటికి మూత కూడ బిగించెడివారు. అమరిక ఒక వస్తువు. దానికి పేరున్నది, ఉండు చోటున్నది, కాపలా ఉన్నది. తరువాత వచ్చిన కంప్యూటర్లలో పలకువకు వచ్చిన సౌకర్యములు ఎన్నియో ఉన్నవి గాని, అమరికకు ఇంతటి గౌరవము మరల దొరకుటకు చాలాకాలము పట్టినదని మా అభిప్రాయము.

కంప్యూటరులోనికి పట్టికలు ప్రవేశించిన తొలిదినములలో ప్రోగ్రాములు సమాచారము దాచిన క్రమమును నమ్ముకొని నడచెడివి. ఆ క్రమము మార్చినచో ప్రోగ్రాము కుంటుపడును. శాన్‌హోసేలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయములో పనిచేయు ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు 1970 జూన్‌లో ఒక వ్యాసము ప్రకటించి ఈ బంధమును తెంచినాడు. ఒక పట్టికకు 30 నిలువు వరుసలుండవచ్చును. ఏది ఎన్నవదో జ్ఞాపకముంచుకొను భారము వాడుకదారునిపై మోపరాదు. వరుసను దాని స్థానమునుబట్టి కాక పేరునుబట్టి పిలువవలెను అని ఆయన వాదము. నేటి డేటాబేసులలో అధికభాగము ఈ పునాదిపై లేచినవే.

అనగా, అసలు సమాచారమునకు వరుసక్రమమే లేదు. పేరు ముందా, ఊరు ముందా అను ప్రశ్న సమాచారమునకు చెందినది కాదు, చూచువానికి చెందినది. ఇది గొప్ప స్వేచ్ఛ. కాని మా గంటసేపటి తంటాకు మూలము కూడ ఇక్కడనే ఉన్నది. అమరిక పట్టికలో భాగము కానప్పుడు దానికి వేరొక నివాసము చూపవలెను. చూపనిచో అది తెరపై మాత్రమే బ్రదికి, కిటికీ మూసినంతనే పోవును. కాడ్ మహాశయుని దోషమిందులో లేదు. ఆయన తెంచిన ముడి తెంపదగినదే.

పరిచితుల పట్టికలనే ప్రధానముగా పెట్టుకొన్న సాఫ్ట్‌వేర్లలో పేరెన్నిక గన్నది 1987లో అమెరికాలోని డల్లాస్‌లో వెలువడిన యాక్ట్. పాట్ సల్లివన్, మైక్ ముహనీ అను ఇద్దరు దీనిని తెచ్చినారు. ఊరూర తిరుగు అమ్మకపు ప్రతినిధి చీట్లచక్రమును, దినచర్య పుస్తకమును ఒకటిగా చేయుట దాని ఉద్దేశము. 1993లో సిమాంటెక్ చేతికి, 2001లో సేజ్ చేతికి, 2013లో స్విఫ్ట్‌పేజ్ చేతికి పోయినను అది నిలిచినది. ఇట్టి వ్యక్తిగత కంప్యూటర్లలో అమరిక ఎక్కడ దాచెడివారు? విండోస్ తొలి రోజులలో చిన్న చిన్న అమరిక ఫైళ్లలో. 1995 తరువాత ఎక్కువగా రిజిస్ట్రీ అను ఉమ్మడి కొట్టులో. రెండును ఆ యంత్రములోనివే. ప్రక్కగదిలోని యంత్రము ముందు కూర్చున్నచో మన వరుసలు మనవెంట రావు. టైపురైటరు ఆపుల కథయే మరల వచ్చినది. పైగా అనేక ప్రోగ్రాములు అమరికను క్రమముగా మూసినప్పుడు మాత్రమే వ్రాసికొనును. నడుమ కరెంటు పోయినచో ఆనాటి శ్రమ అంతయు గాలికి పోవును. మన ఊళ్లలో ఇది ఎందరికో అనుభవమే.

1997లో వచ్చిన మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ ఈ విషయములో ఒక మెట్టు ఎక్కినదనవలెను. దానిలో నిలువు వరుసల అమరికకు వ్యూ అని పేరు. దానికి మనము వేరుగా పేరు పెట్టి దాచవచ్చును. క్రొత్త వ్యూ చేయబోవువానిని అది ఒక ప్రశ్న అడుగును. ఈ అమరిక ఈ ఒక్క సంచికే, అందరికిని కనబడునట్లా? ఈ సంచికే, నీకు మాత్రమే కనబడునట్లా? ఇట్టి సంచులన్నిటికినా? మూడు వాక్యముల ఈ ప్రశ్నను చదువక ముందుకు నొక్కువారే హెచ్చు. అదే అవుట్‌లుక్‌లో, వ్యూలు చెడినప్పుడు వాడు ఆజ్ఞ ఒకటున్నది. అది చెడిన వ్యూలతోపాటు మనము చేసికొన్న వ్యూలన్నిటిని తుడిచి, మొదటి రూపమునకు తెచ్చును. పేర్లు నిలుచును, చూపు పోవును. రోగము కుదిరినను రోగి తన ఇల్లు గుర్తుపట్టలేని వైద్యమది.

మేము వాడు సాఫ్ట్‌వేరు ఇది కాదు. ఐనను అడుగు ప్రశ్న ఒకటే. సహోద్యోగి రైలు దిగివచ్చిన తరువాత తెలిసినదేమనగా, ఆయన అమరిక పోనే లేదు. ఆయన “నాకు మాత్రమే” అను చోట గుర్తు పెట్టి దాచినారు. మేము మా పేరుతో తెరచినాము గనుక మాకు కానరాలేదు. వెంటనే దానిని “అందరికి” అని మార్చినారు. మరునాటి ఉదయము సంగీత విభాగమువారు ఎర్రబడిన ముఖములతో వచ్చినారు. వారికి వాద్యము అను వరుస పేరు ప్రక్కన ఉండవలెను, అక్కడ ప్రసంగ విషయము వచ్చి కూర్చున్నదట. మృదంగమునకు పిలువవలసినవారికి బదులు పురాతత్త్వ శాస్త్రజ్ఞునికి ఫోను చేసినారట. ఆయన మర్యాదస్థుడు గనుక నవ్వి ఊరకున్నారు.

ఇప్పుడు పట్టిక ఒక్కటే, వ్యూలు రెండు. ఒకదాని పేరు “ప్రసంగములు”, రెండవదాని పేరు “సంగీతము”. రెండును అందరికిని కనబడును. మార్చు అధికారము ఆయా విభాగములో ఒక్కరికే ఇచ్చినారు. సహోద్యోగి అంతటితో తృప్తిపడక, వరుసల పేర్లను క్రమముగా ఒక కాగితముపై వ్రాసి బల్ల సొరుగు లోపలివైపు అంటించినారు. సాఫ్ట్‌వేరు మారిననాడు చూచి మరల కుదుర్చుకొనవచ్చునట. ఆ కాగితములో ఫాక్సు అను మాట వ్రాసి, కొట్టివేసియున్నది.