ఫోటోలో అమ్మ ఏదీ?

మొన్న ఆదివారం ఫోన్లో జాగా నిండిపోయిందని ఒకటే గోల పెడుతుంటే, పాత ఫోటోలు ఏరుతూ కూర్చున్నాను. మా చిన్నది వచ్చి ఒళ్ళో దూరింది. పోయిన చలికాలం జూపార్కుకి వెళ్ళినప్పటివి వచ్చాయి. టాయ్ ట్రైన్లో వాళ్ళ నాన్న, అన్నయ్య, తను. ఏనుగుల దగ్గర నానమ్మ. చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర తింటూ అందరూ. అన్నీ చూసి, "అమ్మా, ఆ రోజు నువ్వు రాలేదా?" అంది.

పొద్దున్నే లేచి ఆ పులిహోర కలిపింది నేను. ఆ ఫోటోలన్నీ తీసిందీ నేనే. మళ్ళీ మొదటి నుంచి వెతికితే ఒక్కదాంట్లో దొరికాను. పిల్లల కాళ్ళ ముందు మట్టి మీద పొడుగ్గా పడిన నా నీడ, మోచేతులు రెండూ పైకెత్తి.

నవ్వేశాను కానీ ఆ ప్రశ్న వదల్లేదు. ఫోటోల్లో అమ్మలు కనబడకపోవడం ఎప్పటి నుంచి ఉందా అని వెతికితే, ఫోటో పుట్టినప్పటి నుంచీ ఉందని తెలిసింది!

1850, 60ల్లో ఇంగ్లండులో, అమెరికాలో స్టూడియోకి వెళ్ళి ఫోటో తీయించుకోవాలంటే కొన్ని సెకన్ల పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, కదలకుండా కూర్చోవాలి. ఏడాది పిల్ల కూర్చుంటుందా? అందుకని అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, అమ్మ మీద దుప్పటో తెరో కప్పేసేవారు. ఆమె ఆ ముసుగులోంచే బిడ్డను కదలకుండా పట్టుకునేది. తర్వాత ఫోటోకి అంచుగా అట్ట బిగిస్తే ముసుగు చాలావరకు మరుగున పడేది, బిడ్డ ఒక్కతే మిగిలేది. అట్టలు ఊడిపోయిన ఆ ఫోటోలు ఇప్పుడు చూస్తే కుర్చీలాగా, మూటలాగా ఉన్న ఆకారం అమ్మ అని అర్థమవుతుంది. కొన్నిట్లో ముసుగు అంచు నుంచి చెయ్యి ఒక్కటే కనబడుతుంది. వీటిని 'దాగిన అమ్మలు' అని పిలుస్తున్నారు. నాకు ఆ చేతుల్ని చూస్తే ఎందుకో గొంతు పట్టేసింది.

ఆ కాలంలోనే ఒక అమ్మ కెమెరా వెనక్కి వెళ్ళింది. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. ఆరుగురు పిల్లల తల్లి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, భర్త సిలోన్ కాఫీ తోటలు చూసుకోవడానికి వెళ్ళాడు, ఇల్లు బోసిపోయింది. 1863లో కూతురూ అల్లుడూ కాలక్షేపంగా ఉంటుందని ఒక కెమెరా కొనిచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్ళు. కోళ్ళగూడు ఖాళీ చేసి స్టూడియో చేసింది, బొగ్గుల గదిని డార్క్ రూమ్ చేసింది. మరుసటి నెలలో పొరుగున ఉన్న ఆనీ అనే చిన్నపిల్ల ఫోటో బాగా వస్తే, ఇదే నా మొదటి విజయమని రాసుకుని, ఆ పిల్లకి కానుకలేమున్నాయా అని ఇల్లంతా పరుగెత్తి వెతికిందట. ఫోటో అంటే ఇద్దరూ కలిసి చేసిన పని అని ఆవిడకు తెలుసు. మనం కదలొద్దని కసురుకుంటాం, నేనూ అంతే.

తర్వాత కెమెరా చౌకయింది. 1888లో కొడాక్ వచ్చింది, 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరా వచ్చింది. కొడాక్ ప్రకటనల్లో కెమెరా పట్టుకున్న అమ్మాయి బొమ్మలే. పిల్లల ఫోటోలు, షికార్ల ఫోటోలు తీయడం ఆడవాళ్ళ పని అయిపోయింది. ముసుగు కింద నుంచి కెమెరా వెనక్కి మారామన్నమాట, అంతే తేడా.

మన హైదరాబాదు కథ ఇంకో రకం. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఆడవాళ్ళు అక్కడికొచ్చి పరదా తీసి కూర్చుని ఫోటో తీయించుకోవచ్చు. తీసేది కూడా ఆడవాళ్ళే, ఒక ఆంగ్ల మహిళ దాన్ని నడిపేది. ముఖాన్ని నలుగురికీ చూపడానికి వీల్లేనివాళ్ళకి కూడా తమ ముఖం ఒక కాగితం మీద ఉండాలనే కోరిక ఉందన్నమాట.

ఇక నీడ సంగతి. అసలు కెమెరా లేకుండా, నీడతోనే ఫోటోలు తీసిన ఆవిడ ఉంది, అన్నా అట్కిన్స్. 1799లో ఇంగ్లండులోని కెంట్‌లో పుట్టింది. పసితనంలోనే తల్లి పోయింది. శాస్త్రవేత్త అయిన తండ్రే పెంచాడు, ఆయన పుస్తకానికి గవ్వల బొమ్మలు 250కి పైగా ఆమే గీసింది. తండ్రి స్నేహితుడు జాన్ హెర్షెల్ 1842లో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలినచోట నీలం, నీడ పడినచోట తెలుపు. నీళ్ళలో కడిగితే బొమ్మ నిలబడిపోతుంది. ఇంజినీర్లు బ్లూప్రింట్ అన్నది తర్వాత దీన్నే.

అన్నా సముద్రపు నాచును తెచ్చి అలా అచ్చు వేసింది. 1843లో మొదలుపెట్టి పదేళ్ళు ఒక్కో కాగితం చేత్తోనే తయారుచేసింది. ఫోటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదే. పేరు రాయాల్సిన చోట 'ఎ.ఎ.' అని రెండక్షరాలే పెట్టింది. ఆమె పోయాక ఆ రెండక్షరాలకు 'అనామక ఔత్సాహికుడు' అని అర్థం చెప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఫోటోలో లేకపోవడం సరే, పుస్తకం అట్ట మీద కూడా లేకుండా పోయింది పాపం.

హెర్షెల్ అదే ఏడాది పూల రసాలతో కూడా ప్రయోగాలు చేశాడు. అది చదవగానే నాకు పసుపు గుర్తొచ్చింది. పసుపు మరక ఎంత రుద్దినా పోదు, ఎండలో ఆరేస్తే పోతుంది. ఈ సంగతి మనకు ఎవరూ ప్రయోగశాలలో నేర్పలేదు కదా!

మేమిద్దరం చేసి చూశాం. సర్జికల్ స్పిరిట్‌లో పసుపు కలిపి వడకట్టి (ఆ పని నేనే చేశాను, పిల్లల్ని దూరంగా ఉంచి) మందపాటి డ్రాయింగ్ కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాం. దానిమీద చిన్నది కరివేపాకు రెబ్బ పెట్టింది, పైన ఫోటో ఫ్రేము అద్దం. తర్వాత అద్దం ఎత్తి, నా చేతి గాజు తీయించుకుని పక్కన పెట్టింది. "ఇది నువ్వు" అంది. డాబా మీద మూడు గంటలు ఎండ. అద్దం తీసేసరికి కాగితమంతా పాలిపోయి, రెబ్బా గాజూ మాత్రం పచ్చగా ఉన్నాయి. వంటసోడా నీళ్ళు కుంచెతో పూయగానే ఆ పచ్చదనం ఎర్రబడింది. సున్నం తగిలితే పసుపు పారాణి అయినట్టే. చిన్నది కెవ్వున అరిచింది.

ఈ బొమ్మలో ఒక చిక్కుంది. నీలం అచ్చులా ఇది నిలవదు, వెలుతురు తగిలినకొద్దీ వెలిసిపోతుంది. అందుకని లావుపాటి డిక్షనరీలో దాచాం.

దాచే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీద్దామని నేను వంగితే, చిన్నది ఫోన్ లాక్కుంది. "నువ్వు పట్టుకో, నేను తీస్తా" అంది. నా తల సగమే పడింది. ఒక మూల దాని బొటనవేలు అడ్డం. చేతులకు పసుపు, వెనక దండెం మీద తువ్వాళ్ళు. జాగా చేయడానికి ఏనుగు ఫోటోలు నాలుగు తీసేశాను.