ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రాలు

జర్మన్ చిత్రకారుడు మథియాస్ గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య అల్సాస్‌లోని ఇసెన్‌హైమ్ మఠం కోసం చెక్క పలకలపై గీసిన చిత్రాల సముదాయం. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కోల్మార్ పట్టణంలో, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది. శ్రమల్లో క్రైస్తవుడికి నిరీక్షణ ఎక్కడిదన్న ప్రశ్న మీద వేదాంతులు రాసిన గ్రంథాలకు లెక్కలేదు. నొప్పితో మెలికలు తిరిగేవాడు గ్రంథం చదవలేడు. అలాంటివాళ్లను చేర్చుకున్న ఆసుపత్రి మఠం తన గుడిలో పెట్టుకోవడానికి వేయించిన చిత్రాలివి.

మఠం, వ్యాధి

ఇసెన్‌హైమ్ మఠం అంతోనీయ సభది. 11వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ సభవారి ప్రధాన సేవ "పునీత అంతోని అగ్ని" అనే వ్యాధి సోకినవారిని చూసుకోవడం. ఒళ్లంతా నిప్పులు పోసినట్టు మంట, పుండ్లు, భ్రమలు. ముదిరితే వేళ్లు, పాదాలు నల్లబడి కుళ్లిపోయేవి. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే బూజు దీనికి కారణం. మన సజ్జ, జొన్న చేలల్లో తేనెబంక తెగులు తెచ్చే బూజు కూడా ఆ జాతిదే. ఎర్గాట్ విషం రక్తనాళాలను బిగించి అవయవాలకు నెత్తురు అందకుండా చేస్తుంది. చెడిన గింజలైనా తినక తప్పని బీదలే ఎక్కువగా దీని వాత పడేవారు.

కారణం అప్పటి వైద్యులకు తెలియదు. సన్యాసులు మూలికల లేపనం పూసేవారు, సభకు పేరిచ్చిన పునీతుడు అంతోని అవశేషాల మీద పోసి పట్టిన ద్రాక్షారసం తాగించేవారు, కుళ్లిన అవయవాలను కోయించేవారు, మంచి రొట్టె పెట్టేవారు. విషం లేని ఆ తిండే చాలామందికి అసలు మందు అయ్యుండాలి.

చిత్రాలు

మఠాధిపతి గ్వీదో గ్వెర్సి వీటిని వేయించే నాటికే పీఠం నడిమధ్య చెక్క విగ్రహాలున్నాయి. వాటికి ముందు రెండు వరుసల తలుపుల్లా గ్రూనెవాల్డ్ పలకలు అమర్చాడు. మామూలు రోజుల్లో తలుపులు మూసి ఉంటాయి; అప్పుడు కనిపించేది సిలువ దృశ్యం. ఎత్తు సుమారు 2.7 మీటర్లు, వెడల్పు 3 మీటర్ల పైనే. వెనక చిమ్మచీకటి. క్రీస్తు దేహమంతా ముళ్లు విరిగి దిగబడిన పుండ్లు. చర్మం పచ్చబడింది, పెదవులు నీలం తిరిగాయి, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఇంత పుండుపడిన దేహాన్ని సువార్తలు వర్ణించవు. యెషయా 53వ అధ్యాయంలోని సేవకుడు మాత్రం రోగమంటే ఏమిటో ఎరిగినవాడు. ఆసుపత్రిలో పడి ఉన్నవాడు తల ఎత్తితే తన చర్మమే సిలువ మీద కనిపించేది. ఆ బాధ ఎందుకు వచ్చిందో ఈ చిత్రం చెప్పదు. బాధపడేవాడి పక్కకు దేవుడు ఎంత దగ్గరగా వచ్చాడో చూపిస్తుంది. అంతకుముందే శిరచ్ఛేదానికి గురైన బాప్తిస్మమిచ్చు యోహాను కూడా ఇక్కడ సిలువ పక్కన నిలబడి, పొడవాటి చూపుడువేలితో క్రీస్తును చూపుతుంటాడు.

తలుపులు తెరిచేటప్పుడు క్రీస్తు చెయ్యి ఒకటి దేహం నుంచి వేరవుతుంది. కింది పలకలో సమాధికి సిద్ధమైన దేహం కాళ్ల దగ్గర విడిపోతుంది. అవయవాలు పోగొట్టుకున్నవారిని తలచుకునే ఇలా కూర్చారని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

పండుగలకు తెరిస్తే క్రీస్తు జననం, పునరుత్థానం. బాలయేసు పక్కన నీళ్లతొట్టి, మలమూత్రాల పాత్ర కూడా ఉన్నాయి. ఆసుపత్రి వాళ్లకు రోజూ కనబడే సామాను అది. పునరుత్థానుడైన క్రీస్తు ఒంటిమీద పుండ్లు లేవు, మేకుల గాయాలు మాత్రం అలాగే ఉండి వెలుగుతుంటాయి.

చిట్టచివరి పలకల్లో దయ్యాలు అంతోనిని జుట్టు పట్టి ఈడుస్తుంటాయి. ఒక మూల పొట్ట ఉబ్బి, పుండ్లతో నిండిన రోగి. మరో మూల ఒక కాగితం: యేసు అప్పుడు ఎక్కడున్నాడని, తన గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదని అంతోని అడిగిన మాట లాటిన్‌లో రాసి ఉంది. 4వ శతాబ్దంలో అథనాసియస్ రాసిన అంతోని చరిత్రలో ఆ మొరకు జవాబు దొరుకుతుంది. తాను అక్కడే ఉండి అతని పోరాటం చూశానంటాడు ప్రభువు. గ్రూనెవాల్డ్ పైన వెలుగులో దేవుణ్ణి చూపించాడు గాని జవాబు రాయలేదు. కీర్తనల గ్రంథంలోనూ, యోబు నోటా వినిపించే మొర ఇదే. దేవుణ్ణి నిలదీయడం అవిశ్వాసం కాదని నమ్మిన మఠమే ఇలాంటి కాగితాన్ని బలిపీఠం మీద ఉండనిస్తుంది.

తరువాతి చరిత్ర

ఫ్రెంచి విప్లవ కాలంలో పలకలను కోల్మార్‌కు తరలించారు. మ్యూజియం 1853లో తెరుచుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, వీటిని మ్యూనిక్‌కు తీసుకెళ్లారు. యుద్ధంలో ఓడిపోయిన జర్మనీలో జనం గుంపులుగా వచ్చి చూశారు. 1919లో కోల్మార్‌కు తిరిగివచ్చాయి. వేదాంతి కార్ల్ బార్త్ సిలువ చిత్రం ప్రతిని తన రాతబల్ల ఎదుట పెట్టుకున్నాడు. పాల్ హిండెమిత్ గ్రూనెవాల్డ్ జీవితం మీద రాసిన ఒపెరా 1938లో జ్యూరిక్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. 2018–2022 మధ్య పలకలను శుభ్రం చేసి బాగుచేశారు. ఇప్పుడు వాటిని విడివిడిగా నిలబెట్టారు గనుక సందర్శకులు సిలువను, పునరుత్థానాన్ని ఒక్కపూటలోనే చూడగలరు. ఇసెన్‌హైమ్ రోగులు రెండోదాని కోసం పండుగదాకా ఆగాల్సి వచ్చేది.