బెంగపడ్డ జూక్‌బాక్స్
మొన్న న్యూజెర్సీలో మావాడు ఓ డైనర్‌కి తీసుకెళ్లాడు. స్టీలు అంచుల కౌంటరు, ఎర్ర రెగ్జిన్ సీట్లు, ప్రతి బల్ల పక్కనా గోడకి బుల్లి జూక్‌బాక్స్. నాణెం వేశాను, పలకలేదు. అలంకారానికేనట. ‘‘1950ల సెట్టింగు నాన్నా, భలే నాస్టాల్జిక్‌గా ఉంటుంది’’ అన్నాడు. పుట్టింది 1985లో, తెనాలిలో! అయినా వాణ్ననేం లాభం, ఆ ‘నాస్టాల్జియా’ అనే మాటే దారి తప్పింది. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి గ్రీకు ‘నోస్టోస్’కి, అంటే ఇల్లు చేరడానికి, ‘ఆల్గోస్’ అనే నొప్పిని జోడించి కట్టిన రోగం పేరది. పరాయి కొలువులో ఉన్న స్విస్ సిపాయిల జబ్బుగా పేరుపడింది. అమెరికా అంతర్యుద్ధంలోనూ సైనిక వైద్యులు దాన్ని రోగంగానే రాసుకున్నారు. తర్వాతెప్పుడో ఊరి మీది నొప్పి కాలం మీదికి మళ్లింది. 1973లో వచ్చిన ‘అమెరికన్ గ్రాఫిటీ’ సినిమాకి, పదకొండేళ్ల కిందటి 1962 కూడా నిట్టూర్చడానికి సరిపోయింది. మన ‘బెంగ’ అంత దూరం పోలేదు. అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన పిల్లకి ఇప్పటికీ బెంగతో ఒళ్లు వెచ్చబడుతుంది. దిగులు ఊరికే పుట్టొచ్చు, బెంగకి మాత్రం ఓ మనిషో ఇల్లో ఉండాలి. ‘డైనర్ మీద బెంగ పెట్టుకున్నాను’ అని చూడండి, అతకదు.