రాత్రి దారి ఎవరిది?

పోయిన సంక్రాంతికి మా చిన్నమ్మ కూతురు స్వీడన్ నుంచి పిల్లను తీసుకుని దామరచర్ల వచ్చింది. పన్నెండేళ్ళ ఆ పిల్లకి ఓరియంటీరింగ్ అంటే ప్రాణం. చేతికి ఒక మ్యాపు, దిక్సూచి ఇచ్చి అడవిలో వదులుతారు. మ్యాపు మీద గుర్తు పెట్టిన చోట్లన్నిటికీ వరసగా వెళ్ళాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి ఏ దారిన వెళ్ళాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. తక్కువ సమయంలో తిరిగొచ్చినవాళ్ళు గెలిచినట్టు. భోగి ముందురోజు అందరం సకినాలు చుడుతుంటే, ఈ ఆటలో అన్ని కాలాల్లోకీ గొప్పవాళ్ళెవరని తల్లీకూతుళ్ళు వాదన పెట్టుకున్నారు.

తల్లి ఓటు స్విట్జర్లాండ్‌కు చెందిన సిమోన్ నిగ్లీకి. ప్రపంచ పోటీల్లో 23 బంగారు పతకాలు. 2003లో సొంత దేశంలోనూ, 2005లో జపాన్‌లోనూ నాలుగు పోటీలకు నాలుగూ గెలిచింది. తల్లి అయ్యాక మళ్ళీ వచ్చి గెలిచింది. పిల్ల ఓటు స్వీడన్‌కు చెందిన తూవె అలెగ్జాండర్సన్‌కి. ఆమె అడవి పరుగులోనే కాదు, మంచు మీద స్కీలతో చేసే ఓరియంటీరింగ్‌లోనూ, కొండ పరుగులోనూ ప్రపంచ ఛాంపియన్. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ రాత్రే కూర్చుని చదివాను. చదివిన కొద్దీ పతకాల లెక్క మీద నమ్మకం సడలింది. స్వీడన్ తరఫునే పరిగెత్తిన అన్నిఖెన్ క్రింగ్‌స్టాడ్ 1981, 1983, 1985 ప్రపంచ పోటీల్లో వ్యక్తిగత పరుగు, రిలే రెండూ గెలిచింది. మొత్తం ఆరే పతకాలు. కానీ అప్పట్లో పోటీలు రెండేళ్ళకొకసారి, అందులో ఉన్నవి ఆ రెండు పరుగులే. అంటే ఆ మూడు పోటీల్లో గెలవడానికి ఉన్నవన్నీ గెలిచింది. తక్కువ దూరం పరుగు 1991లో వచ్చింది, స్ప్రింట్ 2001లో వచ్చింది, 2003 నుంచి పోటీలు ఏటేటా జరిగాయి. ఆరు పెద్దదా, ఇరవై మూడు పెద్దదా? 1966లో ఫిన్లాండ్‌లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ పోటీలో గెలిచి, 1968లో మళ్ళీ గెలిచిన ఉల్లా లిండ్‌క్విస్ట్‌ని ఈ వరసలో ఎక్కడ నిలబెట్టాలి?

ఇదంతా మర్నాడు చెప్తుంటే, పక్కనే మంచంలో కూర్చుని వింటున్న మా అమ్మమ్మ ఒకటే అడిగింది. "రాత్రి పూట గూడ పెడ్తరా ఈ పందెం? ఆడపిల్లలను పంపుతరా?"

పిల్ల ఉత్సాహంగా యూకొలా గురించి చెప్పింది. ఫిన్లాండ్‌లో జూన్ నెలలో ఏటా జరిగే పెద్ద రిలే అది. రాత్రి పదకొండింటికి మొదలై తెల్లారేదాకా సాగుతుంది. 1949లో మొదలైంది. అలెక్సిస్ కీవి 1870లో రాసిన 'ఏడుగురు అన్నదమ్ములు' నవలలోని ఇంటి పేరు దానికి పెట్టారు. అన్నదమ్ములు ఏడుగురు కాబట్టి జట్టుకు ఏడుగురు. ఆడవాళ్ళకంటూ వేరే రిలే 1978లో గానీ రాలేదు. దానికి వెన్లా పేరు పెట్టారు. నవలలో అన్నదమ్ములంతా పెళ్ళాడతామని వెంటపడిన పొరుగింటి పిల్ల వెన్లా, చివరికి పెద్దవాణ్ణి చేసుకుంటుంది. వెన్లా జట్టుకు నలుగురు. వాళ్ళ పరుగు మధ్యాహ్నం, పట్టపగలు. రాత్రి పరుగులో ఆడవాళ్ళు చేరకూడదన్న నియమమైతే లేదు. కానీ వాళ్ళ పేరు మీద ఉన్నది మాత్రం పగలే. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, నేను ఇక్కడ ఆగిపోయాను. నవలలో పెళ్ళికూతురిగా దొరికిన పాత్రే అడవిలోకీ ఆమె వెంట వచ్చింది!

"మా అక్క పోయేది రాత్రిపూటనే" అంది అమ్మమ్మ.

ఆ మాట నాకు కొత్త కాదు. కొత్త కాకపోవడమే నన్నిప్పుడు ఇబ్బంది పెడుతోంది. నా పరిశోధన తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల కథనాల మీద. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే నాకు ఆ పరిశోధనే లేదు. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి, బిడ్డను వదులుకుని దళంతో నడిచిన కమలమ్మ, వీళ్ళ గురించి పేజీలకు పేజీలు రాశాను. చీటీలు, అన్నం మూటలు మోసినవాళ్ళకు మూడో అధ్యాయంలో ఒకే వాక్యం దక్కింది. 'స్త్రీలు కొరియర్లుగా కూడా పనిచేశారు.' ఆ 'కూడా' నాదే. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన "ఎంత దూరం నడిచారు? ఆధారమేది?" అనడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన మీద చాలా రోజులు కోపం పెట్టుకున్నాను. ప్రశ్న తప్పు కాదు. ఆ ప్రశ్నను మా ఇంట్లోనే ఉన్న మనిషిని అడగాలని నాకు తోచకపోవడం తప్పు.

ఈ నేల స్వభావం కొంచెం చెప్పాలి. దామరచర్లకు దగ్గర్లో వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణకు ఇవతల నిజాం రాజ్యం, అవతల పల్నాడు, బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాష్ట్రం. నది దాటితే రజాకార్లు వెంటరారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఆ వెసులుబాటూ పోయింది, రెండొడ్డుల మీదా ఒకే ప్రభుత్వం. దళాలు నల్లమల వైపు, గోదావరి అడవుల వైపు జరిగాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా దారులు తెలిసిన మనుషుల అవసరం తగ్గలేదు, పెరిగింది. యూకొలా మొదటిసారి పరిగెత్తిన 1949 అందులోదే.

వెతికేవాళ్ళ చేతుల్లో సర్వే మ్యాపులుండేవి. ఓరియంటీరింగ్ కూడా పుట్టుకతో సైన్యం విద్యే. 19వ శతాబ్దం చివర్లో స్వీడన్ సైనికాధికారుల శిక్షణలో ఆ మాట పుట్టింది, 1897లో ఓస్లో దగ్గర మామూలు జనానికి తొలి పోటీ పెట్టారు. అమ్మమ్మ అక్కకు మ్యాపూ లేదు, చదువూ లేదు. తను మోసే చీటీలో ఏముందో కూడా ఆమె చదవలేదు. పట్టుబడితే చెప్పడానికి ఏమీ ఉండకూడదని చదువురాని పిల్లను ఎంచుకున్నారేమో అనిపిస్తుంది నాకు. గొప్ప అనుకోవాలో, వాడుకోవడం అనుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. 'మనకు తెలియని మన చరిత్ర'లో మాట్లాడిన స్త్రీలు పార్టీని అడిగిన ప్రశ్నల్లో ఇలాంటివీ ఉన్నాయి. పోరాటం ఆగాక ఇంటికెళ్ళి వంట చూసుకోమన్నారని బాధపడ్డవాళ్ళు వాళ్ళు. రాత్రి అడవికి పనికొచ్చిన కాళ్ళు పగటి రాజకీయానికి ఎందుకు అక్కరకు రాలేదు?

స్వరాజ్యం తల మీద పదివేల వెల ఉండేది, కాబట్టి ఆమె పేరు కాగితం మీదికి ఎక్కింది. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2022లో పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆమె గొప్పతనంలో నాకు సందేహం లేదు. కానీ ఆమె దళానికి చీకట్లో ముందు నడిచి దారి చూపినవాళ్ళ తల మీద ఎవరూ వెల కట్టలేదు. దొరకనివాళ్ళ పేర్లు పోలీసు రికార్డుల్లో ఉండవు. ఆ పనిలో నేర్పంటేనే దొరక్కపోవడం. అంటే ఎంత బాగా చేస్తే అంత తక్కువ మిగులుతుంది.

పిల్ల ఒక తెల్లకాగితం తెచ్చి అమ్మమ్మ ముందు కూర్చుంది. అమ్మమ్మ చెప్తూ ఉంటే గీసింది. ఊరి బయట చింత. తర్వాత ఎండాకాలం కూడా తడారని వాగు మడుగు. కుడిచేతి వైపు గాలి తగలాలి, తగలకపోతే దారి తప్పినట్టు. కుక్కలున్న తండాకు చుట్టు తిరిగి పోవాలి. మోదుగుల్లో పడితే నది చప్పుడు వినిపిస్తుంది. అంతా అయ్యాక మా చెల్లెలు ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మ తెరిచి పక్కన పెట్టింది. చింత లేదు. మోదుగులున్న వైపు వీర్లపాలెం దగ్గర 2015లో శంకుస్థాపన జరిగిన 4000 మెగావాట్ల థర్మల్ కేంద్రం, దాని కోసం పోయిన అడవి. మడుగు మాత్రం నల్లటి చుక్కలా కనిపించింది. పిల్ల దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఒకటి అని అంకె వేసింది. వాళ్ళ ఆటలో మొదటి గుర్తును అలాగే చూపిస్తారట.

"తాతమ్మా, మొత్తం ఎంత టైము పట్టేది?"

"టైమెక్కడిది బిడ్డా. కోడి కూసేటాలకు ఇంట్ల ఉండాలె. లేకపోతే మా అమ్మ నన్ను లేపి, దాని పక్కల పండుకోమనేది, ఇద్దరున్నట్టు కనపడాలెనని."

ఆ పక్క సంగతి అమ్మమ్మ అంతవరకు ఎవరికీ చెప్పలేదు.